వార్షిక నివేదిక 2023–24: కింది డివిజన్‌లో మన లెస్టర్

సభ్యులందరికీ నమస్కారం.

కిందటేడు జూన్ నుంచి ఈ జూన్ దాకా, ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరంలో మన తెలుగు సంఘం చేసిన పనుల వివరాలు ఇవి. జమాఖర్చుల పట్టికను కోశాధికారిగారు విడిగా పంపుతున్నారు కాబట్టి ఆ లెక్కలు ఇక్కడ రాయడం లేదు. పిల్లల తెలుగు తరగతులు, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే బాగా జరిగాయి. వాటికి శ్రమపడిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు కమిటీ తరఫున కృతజ్ఞతలు. ఈసారి నివేదికలో ఎక్కువ భాగం, మన నగర క్లబ్ లెస్టర్ సిటీ మ్యాచ్‌లకు కలిసి వెళ్లే మన ఫుట్‌బాల్ అభిమానుల బృందానికే కేటాయించాను. ఏడాది మొదట్లో మూసేద్దామనుకున్న బృందం ఇప్పుడు సంఘంలో అన్నిటికంటే చురుగ్గా ఉంది. అది ఎలా జరిగిందో సభ్యులందరికీ తెలియాలి.

2023 మే 28 మనలో ఎవరూ మరిచిపోయే రోజు కాదు. ఆ రోజు లెస్టర్ సిటీ సొంత మైదానంలో వెస్ట్‌హామ్‌ను 2–1తో గెలిచింది. గెలిచినా లాభం లేకపోయింది. అదే సమయంలో, మనలాగే దిగిపోయే ప్రమాదంలో ఉన్న ఎవర్టన్ బోర్న్‌మత్‌ మీద ఒక్క గోల్‌తో గట్టెక్కింది. 34 పాయింట్లతో 18వ స్థానంలో నిలిచి, తొమ్మిదేళ్ల తర్వాత మన క్లబ్ ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయింది. 2016లో లీగ్ టైటిల్, 2021లో ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్ ఇది. ఆ తర్వాత జరిగిన సర్వసభ్య సమావేశంలో ఒకటే ప్రశ్న: ఇక మ్యాచ్‌లకు ఎవరొస్తారు, ఈ బృందం ఎందుకు?

ప్రశ్న న్యాయమైనదే. మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్ వస్తే టికెట్ల కోసం పోటీపడేవాళ్లు మనలో చాలామంది ఉండేవారు. ప్లిమత్, రోథరమ్ వస్తుంటే ఆ ఉత్సాహం ఎక్కడిది? అయినా ఒక్క సీజన్ చూద్దామని కమిటీ నిర్ణయించింది. పెద్ద జట్లను చూడటానికే వచ్చినవాళ్లు నిజంగానే తగ్గిపోయారు. వాళ్ల బదులు కుటుంబాలు వచ్చాయి. అంతకుముందు ఏడాదంతా ఓటములే చూసిన పిల్లలు ఈ ఏడు వారం వారం గెలుపు చూశారు. నా దృష్టిలో మన బృందం అసలైన అభిమానుల బృందం అయింది ఈ సీజన్‌లోనే.

కొత్తగా చేరిన సభ్యుల కోసం కాస్త వివరం. ముఖ్యంగా మన నగరంలోని రెండు యూనివర్సిటీల్లో చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఇది చాలాసార్లు అడిగారు. రెండో డివిజన్ పేరు ఛాంపియన్‌షిప్. 24 జట్లు, ఒక్కో జట్టుకు 46 మ్యాచ్‌లు, అంటే ప్రీమియర్ లీగ్ కంటే ఎనిమిది ఎక్కువ. మొదటి రెండు జట్లు నేరుగా పైకి వెళ్తాయి. 2023–24 నిబంధన ప్రకారం మూడు నుంచి ఆరు దాకా ఉన్న జట్లు ప్లేఆఫ్ (సీజన్ చివర అదనపు మ్యాచ్‌లు) ఆడితే వాటిలో ఒక్కటే వెళ్తుంది. కిందికి దిగిన క్లబ్ ఆదాయం ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి టీవీ డబ్బులో కొంత భాగం కొన్నేళ్లపాటు ఇస్తారు. అది ఎంత ఇచ్చినా ప్రీమియర్ లీగ్ జీతాలకు చాలదు. అందుకే ఆటగాళ్లను అమ్ముకోవాలి. మ్యాడిసన్ టోటెన్‌హామ్‌కు, బార్న్స్ న్యూకాసిల్‌కు వెళ్లిపోయారు. టీలెమాన్స్ ఒప్పందం ముగిసి ఆస్టన్ విల్లాలో చేరాడు. దిగిన ఏడాదే తిరిగి ఎక్కకపోతే ఆ తర్వాత ఏటికేడు కష్టమవుతుంది. అప్పుడు అందరికీ ఉన్న టెన్షన్ అదే.

జూన్‌లో కొత్త మేనేజర్‌గా ఎంజో మారెస్కా వచ్చాడు. అంతకుముందు మాంచెస్టర్ సిటీలో మేనేజర్ గ్వార్డియోలాకు సహాయకుడు. వింక్స్, కోడీ, మవిడిడి, డెన్మార్క్ నుంచి గోల్‌కీపర్ హెర్మన్‌సెన్ వచ్చారు. ఘనా కుర్రాడు ఫతావు లోన్ మీద, అంటే మరో క్లబ్ నుంచి తాత్కాలికంగా, వచ్చాడు. ఆగస్టు 6న కోవెంట్రీతో తొలి మ్యాచ్. మొదట గోల్ ఇచ్చేశాం. చివరి పావుగంటలో డ్యూస్‌బరీ-హాల్ రెండు గోల్స్ కొట్టి గెలిపించాడు. మన పక్క ఊరు షెప్‌షెడ్ కుర్రాడు, క్లబ్ అకాడమీలో పెరిగినవాడు. ఆ రోజు స్టాండులో లేచి నిలబడ్డవాళ్లు మళ్లీ కూర్చోలేదు.

అక్కడినుంచి మొదటి 14 లీగ్ మ్యాచ్‌లలో 13 గెలిచాం. ఓడింది హల్ చేతిలో ఒక్కటే. నవంబర్ మొదట్లో లీడ్స్, ఆ వెంటనే దీపావళి ముందురోజు మిడిల్స్‌బరో ఒక్కో గోల్‌తో మనల్ని ఓడించాయి. అయినా పెద్దగా బెంగపడలేదు. మర్నాడు బెల్‌గ్రేవ్ రోడ్డు మీద దీపాలు చూడటానికి వెళ్లినప్పుడు మనవాళ్ల మాటలన్నీ మిఠాయిల కంటే ఫతావు గురించే నడిచాయి.

మారెస్కా ఆట గురించి మన సభ్యుల్లో ఏడాదంతా వాదన జరిగింది. కాబట్టి నా అభిప్రాయం కూడా రాస్తున్నాను. బంతి హెర్మన్‌సెన్ కాళ్ల దగ్గర మొదలవుతుంది. ఎదుటి ఆటగాడు మీదికి ఉరికి వచ్చేదాకా అతను ఆగుతాడు. వచ్చాక, ఖాళీ అయిన చోటికి బంతి పంపుతాడు. కుడి డిఫెండర్ రికార్డో పెరీరా అంచు వదిలి మధ్యలో వింక్స్ పక్కన చేరతాడు. అటూ ఇటూ గీతను అంటిపెట్టుకుని మవిడిడి, ఫతావు బంతి కోసం నిలబడతారు. చూసేవాళ్లకు ఓపిక కావాలి. 2016లో మనం గెలిచిన ఆట దీనికి పూర్తిగా వ్యతిరేకం. బంతి దొరకగానే ముందుకు తన్ని, గోల్స్ కొట్టే వార్డీని పరుగెత్తించడమే అప్పటి ఆట. అందుకే వెనక్కి వెనక్కి పాస్‌లు ఇస్తుంటే స్టాండ్లలో గొణుగుడు మొదలైంది. జనవరి చివర్లో స్వాన్సీ మీద గెలిచిన రోజే మారెస్కా దానికి జవాబిచ్చాడు. ఈ పద్ధతి మీద అనుమానం వస్తే మర్నాడే వెళ్లిపోతానని చెప్పేశాడు. అతని మాటతో నేను ఏకీభవిస్తాను. 46 మ్యాచ్‌ల సీజన్‌లో కాళ్లు అలసిపోకుండా గెలవాలంటే బంతి మన దగ్గర ఉండాలి. అయితే వసంతంలో ప్రత్యర్థులు కిక్కిరిసి వెనక నిలబడటం నేర్చుకున్నాక, రెండో దారి ఉండి ఉంటే మనకు అంత గుండెదడ ఉండేది కాదు.

ఆ గుండెదడ సంగతి. ఫిబ్రవరి మధ్యలో రెండో జట్టుకంటే పది పాయింట్లకు పైగా ముందున్నాం. తర్వాత మిడిల్స్‌బరో మన దగ్గరే గెలిచింది. లీడ్స్‌లో 80వ నిమిషం దాకా 1–0తో ముందుండి, చివరికి 3–1తో ఓడిపోయాం. తర్వాత క్యూపీఆర్ చేతిలో ఇంట్లోనే మరో ఓటమి. మార్చిలో ఎఫ్ఏ కప్ క్వార్టర్ ఫైనల్లో చెల్సీ మీద రెండు గోల్స్ వెనకబడి సమం చేశాం. ఆట ముగిసే వేళకు 4–2తో ఓడి ఇంటికొచ్చాం. అదే వారంలో, ఆర్థిక నిబంధనలు ఉల్లంఘించారంటూ ప్రీమియర్ లీగ్ క్లబ్‌పై అభియోగం మోపింది. మూడేళ్లలో 105 మిలియన్ పౌండ్లకు మించి నష్టం రాకూడదన్నది స్థూలంగా అప్పటి నిబంధన. క్లబ్ లెక్కల్లో 2021–22 నష్టమే 92.5 మిలియన్, తర్వాతి ఏడాది 89.7 మిలియన్. ఎక్కినా పాయింట్లు కోసేస్తారేమోనని మన వాట్సాప్ గ్రూపులో రాత్రుళ్లు మాటలు ఆగలేదు. ఈ నివేదిక రాసేనాటికి ఇది తేలలేదు. డబ్బు ఇంత అడ్డూ అదుపూ లేకుండా ఖర్చుపెట్టినవాళ్లు అభిమానులకు జవాబు చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఉగాది ఏప్రిల్ 9, మంగళవారం వచ్చింది. ఆ సాయంత్రమే లండన్‌లో మిల్‌వాల్‌తో మ్యాచ్. హాల్లో పంచాంగ శ్రవణం జరుగుతోంది. క్రోధి నామ సంవత్సర ఆదాయ వ్యయాలు చదువుతుంటే వెనక వరుసలో కుర్రాళ్లు ఒక్క ఫోను చుట్టూ తలలు ఆనించి కూర్చున్నారు. ఎండిన వేపపువ్వు వేసిన పచ్చడి కాగితం కప్పుల్లో పంచుతున్న పిన్నిగారు వాళ్ల దగ్గరికి వెళ్లి, ముందు ఇది తినండిరా, తర్వాత చూసుకోండి అని చేతిలో పెట్టారు. వాళ్లు కప్పులు ఎత్తేలోపే మిల్‌వాల్ గోల్ పడింది. 1–0, ఆట అలాగే ముగిసింది. మూడు రోజులకే ప్లిమత్‌లోనూ అదే స్కోరుతో ఓడాం. ఇప్స్‌విచ్, లీడ్స్ దగ్గరికొచ్చేశాయి. చేతికందింది జారిపోతుందేమోనని అందరం హడలిపోయాం.

తర్వాత వచ్చిన పది రోజులే ఈ సీజన్‌కు ప్రాణం. వెస్ట్‌బ్రామ్ మీద 2–1. ఏప్రిల్ 23 మంగళవారం సౌతాంప్టన్ మీద 5–0. ఆ రాత్రి మన బృందం నుంచి పెద్దాచిన్నా కలిసి వెళ్లారు. ఫతావు హ్యాట్రిక్ కొట్టాడు. అతను కుడి అంచున బంతి అందుకుని ఎడమ కాలి మీదికి మళ్లుతుంటే, మా ముందు వరుసలో పెద్దాయన ఒకరు టోపీ తీసి గుండెలకు అదుముకున్నారు. బంతి గోల్‌లో పడగానే పక్కన కూర్చున్న మన పదేళ్ల పాపను ఎత్తుకుని గిరగిరా తిప్పేశారు. ఆయనెవరో మాకు తెలియదు, మేమెవరో ఆయనకు తెలియదు. శుక్రవారం క్యూపీఆర్ లీడ్స్‌ను 4–0తో ఓడించడంతో, ఆడకుండానే మనకు ప్రీమియర్ లీగ్ ఖాయమైంది. 29న ప్రెస్టన్‌లో 3–0తో గెలిచి ఛాంపియన్లమయ్యాం. అందులో రెండు గోల్స్ వార్డీవి. 37 ఏళ్ల వయసులో లీగ్‌లో 18 గోల్స్ కొట్టాడు.

లెక్క చూస్తే 31 గెలుపులు, 4 డ్రాలు, 11 ఓటములు, 97 పాయింట్లు. ఇప్స్‌విచ్ 96. రెండో డివిజన్‌ను ఎనిమిదిసార్లు గెలిచిన క్లబ్ మనది ఒక్కటే. మే 4న బ్లాక్‌బర్న్ చేతిలో ఓడినా కప్పు మన మైదానంలోనే ఎత్తారు. 2016 జట్టులో వార్డీతో పాటు మిగిలిన ఆల్‌బ్రైటన్ ఈ సీజన్‌తో క్లబ్‌కు వీడ్కోలు చెప్పాడు. పదేళ్లు నోరెత్తకుండా పరుగెత్తిన మనిషి. అలాంటి ఆటగాడు మళ్లీ దొరకడం కష్టం.

పిల్లల ఆదివారం ప్రాక్టీస్ గురించి. విక్టోరియా పార్క్‌లో మొదలుపెట్టినప్పుడు మగపిల్లలే వచ్చేవారు. 2023–24లో లెస్టర్ మహిళల జట్టు టాప్ డివిజన్‌లోనే కొనసాగింది. ఏప్రిల్‌లో ఎఫ్ఏ కప్ సెమీఫైనల్ దాకా వెళ్లి టోటెన్‌హామ్ చేతిలో అదనపు సమయంలో ఓడింది. ఆ మ్యాచ్ టీవీలో అందరం కలిసి చూశాక ఆడపిల్లల సంఖ్య బాగా పెరిగింది. వాళ్లకు మహిళా శిక్షకులు కావాలి. ఇది కమిటీ ముందున్న మొదటి పని.

వచ్చే ఏడాది (2024–25) విషయాలు. మారెస్కా చెల్సీకి వెళ్లిపోయాడు, అతని వెనకే డ్యూస్‌బరీ-హాల్ కూడా. అతని స్థానంలో 2024 జూన్‌లో స్టీవ్ కూపర్ మేనేజర్‌గా వచ్చాడు. మొదటి మ్యాచ్ ఆగస్టు 19, సోమవారం రాత్రి, మన మైదానంలో టోటెన్‌హామ్‌తో. పెద్ద జట్లు వస్తున్నాయని తెలిసి బృందంలో చేరతామని ఇప్పటికే చాలామంది అడుగుతున్నారు. అందరికీ స్వాగతం. అయితే టికెట్లు తక్కువపడితే ఈ ఏడు మంగళవారం రాత్రుల్లో చలిలో వచ్చిన కుటుంబాలకే ముందు ఇవ్వాలని కమిటీ తీర్మానించింది. అభ్యంతరం ఉన్నవాళ్లు సర్వసభ్య సమావేశంలో చెప్పండి, చర్చిద్దాం. సభ్యత్వ రుసుము ఆగస్టు 10లోగా కట్టండి. పిల్లల ప్రాక్టీస్‌కు సాయపడదలచినవాళ్లు పోలీసు రికార్డు తనిఖీ కాగితాలు ఇప్పుడే మొదలుపెట్టుకోండి, వాటికి వారాలు పడుతుంది.

ఇట్లు,
కార్యదర్శి