ఆటల్లోని కథకు తెలుగు మాట కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. వీడియో గేముల గురించి మన పత్రికల్లో రెండు రకాల వార్తలే ఎక్కువగా కనిపిస్తాయి. ఫోనుకు అతుక్కుపోయిన పిల్లల గురించి ఒకటి, పందేల ఆటల్లో డబ్బు పోగొట్టుకున్న వారి గురించి మరొకటి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసినప్పుడు కూడా మాటలన్నీ ఆ రెండింటి చుట్టూనే తిరిగాయి. ఆ వార్తలు రావలసినవే. అయితే ఆటల్లో కథ చెప్పే గొప్ప కళ ఒకటి పెరిగి పెద్దదైందనీ, అది మన ఇళ్లలోకి పరాయి భాషలోనే వస్తోందనీ, దానికి తెలుగు మాట సమకూర్చే పని ఎవరో ఒకరు తలకెత్తుకోవాలనీ చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఇరవై రెండేళ్లుగా కృష్ణానగర్, యూసుఫ్‌గూడ స్టూడియోలలో డబ్బింగ్ సినిమాలకు, సీరియళ్లకు మాటలు రాస్తున్నాను. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి ఆటలు ఆడుతుంటే నేనూ, డెబ్బై ఎనిమిదేళ్ల మా అమ్మా వెనక కూర్చుని చూస్తుంటాం. ఆట మధ్యలో ఆడేవారి చేతికి పని ఆపి, కథను తెర మీద సినిమాలా నడిపే భాగాన్ని కట్‌సీన్ అంటారని వాడే నాకు చెప్పాడు.

గత ఎండాకాలంలో ఒక రాత్రి వాడు 'ది లాస్ట్ ఆఫ్ అస్' మొదలుపెట్టాడు. 2013లో వచ్చిన ఆ ఆట పెద్దవాళ్ల కోసం చేసినది, చిన్నపిల్లలకు చూపించదగినది కాదు. అందులో మొదట మనం నడిపించేది కథానాయకుణ్ని కాదు, అతని కూతురు సారాను. ఆ పిల్ల తండ్రి పుట్టినరోజుకు చేతి గడియారం ఇస్తుంది, నిద్రపోతుంది, అర్ధరాత్రి లేచి ఎవరూ లేని ఇంట్లో తండ్రిని వెతుక్కుంటుంది. ఊరంతా తగలబడుతుండగా కాలు విరిగిన ఆ పిల్లను ఎత్తుకుని పరుగెత్తే తండ్రి పాత్ర మన చేతికి వస్తుంది. అంతలో ఒక సైనికుడు కాల్పులు జరుపుతాడు, పిల్ల తండ్రి చేతుల్లోనే ప్రాణం విడుస్తుంది. ఇరవై ఏళ్ల తరువాత కూడా అతని మణికట్టుకు ఆ పగిలిన గడియారమే ఉంటుంది. మా అబ్బాయి కంట్రోలర్‌ను ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుండిపోయాడు. మా అమ్మ కుర్చీలో ముందుకు వంగి, "ఏమంటున్నాడురా వాళ్ల నాన్న?" అని అడిగింది. "వద్దంటున్నాడు అమ్మమ్మా... పోవద్దంటున్నాడు" అన్నాడు వాడు. అంతకన్నా వాడికి మాట రాలేదు.

అమ్మ అడిగిన ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. ఆ తండ్రి కూతుర్ని 'బేబీ గర్ల్' అని పిలుస్తాడు. కథ చాలా దూరం నడిచాక, తాను కాపాడుతూ తీసుకెళ్తున్న ఎల్లీ అనే మరో పిల్లను హత్తుకుని మళ్లీ అదే పిలుపు పిలుస్తాడు. మనసులో మూసుకుపోయిన తలుపు తెరుచుకుందని ఆడేవారికి తెలిసేది ఆ ఒక్క పిలుపుతోనే. మొదటి చోట 'చిట్టితల్లీ' అనీ, రెండో చోట 'బంగారం' అనీ రాశామంటే రెండూ మంచి తెలుగే, కానీ కథ చచ్చిపోతుంది. పైగా డబ్బింగ్ మాట తెర మీది పెదవుల కదలికకు సరిపోవాలి. 'బేబీ' అనేటప్పుడు పెదవులు రెండుసార్లు కలుస్తాయి. 'చిట్టితల్లీ'లో ఒక్కసారీ కలవవు. 'బుజ్జమ్మా' అంటే బకారం దగ్గర ఒకసారి, మకారం దగ్గర ఒకసారి కలుస్తాయి. గుంటూరు నుంచి నిజామాబాదు దాకా ఏ తండ్రి నోటనైనా వినిపించే పిలుపు అది. ఇలాంటి పని రోజూ చేసేవాళ్లు ఈ నగరంలో ఒక్క కృష్ణానగర్ వీధుల్లోనే ఎంతోమంది ఉన్నాం. ఆటల వాళ్లు మాత్రం ఇంతవరకు ఆ వీధుల్లో మా తలుపు తట్టలేదు.

ఈ సన్నివేశాల బలం సినిమా బలం లాంటిది కాదని కూడా చెప్పాలి. 1997 నాటి 'ఫైనల్ ఫాంటసీ 7'లో ఏరిత్ అనే అమ్మాయి హత్యకు గురైనప్పుడు ప్రపంచమంతటా ఆటగాళ్లు దుఃఖపడ్డారు. గంటల తరబడి వెంట నడిపించుకుని, ఆయుధాలు ఇచ్చి, తమ చేతులతో పెంచుకున్న తోడు ఒక్కసారిగా లేకుండా పోయింది కాబట్టే ఆ దుఃఖం అంత సొంతమైంది. 2004లో వచ్చిన 'మెటల్ గేర్ సాలిడ్ 3' చివర తెల్లని పూలతోటలో తన గురువునే చంపవలసిన ఘట్టం ఉంది. అక్కడ తుపాకీ తనంతట తాను పేలదు, ఆడేవారు మీట నొక్కేదాకా తెర ఎదురుచూస్తూ ఉంటుంది. చూసేవాడి చేతిని కూడా కథలోకి లాగడం మరే కళకూ ఇంత సూటిగా సాధ్యం కాదని నా నమ్మకం.

మాట లేకుండానే ఏడిపించే ఆటలూ ఉన్నాయి. 2013లోనే వచ్చిన 'బ్రదర్స్'లో పాత్రలు మాట్లాడేది ఎవరికీ అర్థం కాని కల్పిత భాష. అన్నదమ్ములు ఇద్దరినీ ఒకే మనిషి చెరో చేత్తో నడిపిస్తాడు. తల్లి నీళ్లలో మునిగి చనిపోవడంతో తమ్ముడికి ఈత అంటే భయం, అన్న వీపు పట్టుకునే నది దాటుతాడు. అన్న పోయాక ఒంటరిగా నది ఒడ్డున నిలబడ్డ ఆ పిల్లవాణ్ని నీళ్లలోకి దించాలంటే అన్న కోసం వాడిన మీటనే నొక్కాలి. అది కట్‌సీన్ కూడా కాదు, ఆటలో భాగమే. అది చూసి మా అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మాట్లాడే ఆటల దగ్గర మాత్రం ఆమెకు మనవడి సాయం కావలసి వస్తోంది.

మా అబ్బాయి దగ్గరున్న ఆటల్లో భాషల జాబితా ఒక్కొక్కటే తెరిచి చూశాను. పోలిష్ ఉంది, కొరియన్ ఉంది, తెలుగు ఒక్కదానిలోనూ లేదు. పోలండ్ జనాభా 4 కోట్ల లోపే. 2011 జనగణన ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల పైచిలుకు. కంపెనీలు చూసేది మాట్లాడేవారి సంఖ్యను కాదు, కొనేవారి సంఖ్యను అని నాకు తెలుసు. అందుకే ప్రభుత్వం అడుగు వేయాలంటున్నాను. యుద్ధంలో చిక్కుకున్న సామాన్యుల బతుకును చూపే 'దిస్ వార్ ఆఫ్ మైన్' అనే తమ దేశపు ఆటను పాఠశాలల పఠన జాబితాలో చేరుస్తామని 2020లో పోలండ్ ప్రభుత్వం ప్రకటించింది. మన పొరుగు తమిళం తీసుకున్నా, 2023లో టొరంటోలో తయారైన 'వెన్బా' అనే ఆటలో వలస వెళ్లిన తమిళ తల్లి, చిరిగి చెరిగిపోయిన అమ్మ వంటల పుస్తకంలోంచి ఇడ్లీ చేసే తీరును మళ్లీ గుర్తు చేసుకుంటుంది. పుణేలో తయారై 2020లో వచ్చిన 'రాజీ' అనే ఆట తన కథను నీడబొమ్మలాట పద్ధతిలో చెప్పింది. అదే ఏడాది తోలుబొమ్మల కళకు గాను అప్పటి అనంతపురం జిల్లా నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ ప్రకటించారు. అంతటి తోలుబొమ్మల సంపద ఉన్న మనం అలాంటి ఆట చేయలేకపోయామే అని నాకు నిజంగా బాధ కలిగింది.

సాంకేతికమైన చిక్కు ఒకటుంది. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లలో తెలుగు ఒత్తులు, గుణింతాలు తరచూ విడిపోయి కనిపిస్తాయి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం ఐఫోన్లలో యాప్‌లను స్తంభింపజేసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కొద్ది రోజుల్లోనే దాన్ని సరిదిద్దారు. పెద్దన, సూరన్న, ధూర్జటి, గురజాడ పేర్లతో చక్కని తెలుగు ఖతులు (ఫాంట్లు) ఉచితంగా దొరుకుతున్నాయి. అక్షరాలు ఉన్నాయి, వాటిని తెర మీద సరిగా కూర్చే పని మిగిలింది. ఆ పని చేయగల యువకులకు హైదరాబాదులో కొదవ లేదు.

తెలంగాణ ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం ఇమేజ్ విధానాన్ని ప్రకటించింది. ఆ విధానం కింద రాయితీలు, స్థలం పొందే సంస్థలు ఇక్కడ తయారుచేసే ఆటల్లో కనీసం తెలుగు సబ్‌టైటిళ్లు ఇవ్వాలన్న షరతు పెట్టమని ఐటీ శాఖను కోరుతున్నాను. పూర్తి డబ్బింగ్‌కు ఖర్చు ఎక్కువ, అది తరువాత చూసుకోవచ్చు. మాసబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్ నేర్చుకునే విద్యార్థులకు ఆటల కోసం తెలుగు సంభాషణ రాయడం కూడా ఒక పాఠంగా పెట్టాలి. దానికి పిలిస్తే మాలో చాలామంది పారితోషికం గురించి అడగకుండానే వస్తాం. మీ పత్రికలో కూడా శుక్రవారం సినిమా సమీక్షల పక్కన ఆటల కథలకు కొంత చోటు కల్పించమని మనవి.

'ది లాస్ట్ ఆఫ్ అస్' మొదటి ఇరవై నిమిషాల మాటలను నేను తెలుగులో ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. మొన్న ఆదివారం మా అబ్బాయి ఆట శబ్దం తగ్గించి నడిపిస్తుంటే పక్కన కూర్చుని అమ్మకు చదివి వినిపించాను. ఈసారి ఆమె వాణ్ని ఏమీ అడగలేదు.

ఇట్లు,
ఒక డబ్బింగ్ రచయిత్రి,
యూసుఫ్‌గూడ, హైదరాబాద్.