శీనాకి, కావలి నుంచి

ఒరేయ్ శీనా,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. సగం మాటలు, సగం బెంగళూరు హారన్లు. అయినా సంగతి పట్టుకున్నాలే. పిల్లోడికి బళ్ళో వాతావరణ మార్పు మీద ప్రాజెక్టు ఇచ్చారు, "మన ఊరి వైపు ఏం చేస్తుండారు నాన్నా" అని వాడు అడిగాడు, నీకు నోరు పెగల్లేదు. సెలవులకి తీసుకొచ్చి ఏదో ఒక కార్యక్రమంలో వాడి చేత పని చేయించాలని నీ ఆలోచన. ఫోన్లో చెబితే మాటమాటకీ అడ్డం వస్తావు, అందుకే తీరిగ్గా రాస్తుండా.

జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినానికి మాత్రం రావద్దురా. ఆ రోజు ఇక్కడ హడావుడికి కొదవుండదు. బ్యానర్లు, టోపీలు, మజ్జిగ ప్యాకెట్లు, ఒక్కో మొక్క చుట్టూ పది మంది. 1972లో స్టాక్‌హోమ్‌లో పర్యావరణం మీద ప్రపంచ సభ మొదలైన రోజని ఆ తేదీ పెట్టారు. ఆ చలి దేశంలో జూన్ అంటే హాయిగా ఉంటదేమో గాని, మనకి అప్పటికి రోహిణి కార్తె కూడా వెళ్ళి ఉండదు. రోళ్ళు పగిలే ఎండలో నాటిన వేపమొక్క ఎన్నాళ్ళు బతుకుద్ది? పైగా మన నెల్లూరు వైపు అసలు వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు, నవంబరు మాట. నాటేదేదో అప్పుడు నాటితే చచ్చినట్టు బతుకుద్ది. పోయినేడు ఒక ఆఫీసు వాళ్ళు బైపాసు పక్కన వరసగా నాటించారు. ఆరుద్ర కార్తె వచ్చేసరికి ఊతకర్రలు మిగిలాయి. ఇప్పుడా గుంటల్లో సీమతుమ్మ లేచింది. దానికెవరూ నీళ్ళు పోయలేదు, ఫొటో తియ్యలేదు, ఏపుగా ఉండాది.

2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛ ఆంధ్ర అని చేస్తుండారు కదా, అది కొంచెం మేలు. అక్కడా ఫొటోలు ఉంటాయి గాని, నెలనెలా వస్తది కాబట్టి పోయిన నెల ఊడ్చిన చోట మళ్ళీ చెత్త ఎందుకు పడిందని నిలదీయొచ్చు. మా వీధి ఆడవాళ్ళు అట్టా నిలదీయబట్టే మురిక్కాలవ పక్కన కుప్ప లేచిపోయింది.

నన్నడిగితే, మన వైపు పనికొచ్చే పనులకి తేదీలు వేదిక మీద ఎవరూ పెట్టరు. తాబేలో, వానో, చెరువో పెడతాయి. నువ్వు సెలవు వాటిని చూసి పెట్టుకో.

పిల్లోడికైతే నా ఓటు తాబేళ్ళకే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికొస్తాయి. రాత్రిళ్ళు తీరం వెంట నడిచి గూళ్ళు వెతికే పని ఉంటది. అటవీశాఖ వాళ్ళు, వాళ్ళతోపాటు జాలర్లుండే పట్టపుపాలెం కుర్రాళ్ళు. నేను తుమ్మలపెంట వైపు వాళ్ళతో పోయా. తల్లి తాబేలు పైకి పాకి, మళ్ళీ సముద్రంలోకి దిగిన జాడ ఇసకలో ట్రాక్టరు టైరు అచ్చులాగా ఉంటది. ఆ జాడ పైకొచ్చి ఆగినచోట ఇసక కదిలి ఉంటది. కుర్రోడు మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతోటే తవ్వుతాడు, పార ముట్టడు. మూరెడు లోతులో గుంట కిందికి పోయేకొద్దీ కుండ అడుగులా వెడల్పవుతుంది, దాంట్లో వందకి అటూ ఇటూగా గుడ్లు. పెంకు గట్టిగా ఉండదు, వేలు తగిలితే కాస్త లోపలికి పోయి మళ్ళీ పైకొస్తది. తీసినదాన్ని తీసినట్టే, అటూ ఇటూ దొర్లించకుండా సంచిలో పెడతాడు. నక్కలు, కుక్కలు తవ్వుకు తినకుండా, కంచె వేసిన చోట అదే లోతులో అట్టాంటి గుంటే తీసి పూడుస్తారు. నలభై అయిదు రోజుల నుంచి అరవై రోజుల్లో పిల్లలు పైకొస్తాయి.

ఇప్పుడు మీ వాడి ప్రాజెక్టుకి పనికొచ్చే ముక్క చెబుతా విను. ఈ గుడ్డులోంచి వచ్చేది ఆడో మగో తేల్చేది ఇసక వేడి. ఇసక చల్లగా ఉంటే మగవి జాస్తి, వేడెక్కితే ఆడవి జాస్తి. వేడి మరీ ముదిరితే గుడ్డు గుడ్డుగానే పోతది. ఏటేటా ఎండలు పెరిగితే ముందు ముందు అన్నీ ఆడవే పుడతాయేమో అన్న భయం అందుకే. కంచె మీద నీడకి పందిరి కట్టేది కూడా ఆ వేడి తగ్గించడానికే. వాతావరణ మార్పు గురించి ఎన్ని పుస్తకాలు చదివినా ఎక్కని సంగతి, అక్కడ ఇసకలో చెయ్యి పెడితే ఎక్కుద్ది.

పగలు పోతే ఇంకోటి కూడా చూస్తావు, పిల్లోడికి చూపించాలో వద్దో నువ్వే తేల్చుకో. చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చిన తల్లి తాబేళ్ళు. అది ఊపిరి కోసం పైకి రావాల్సిన జీవి. బోటు ఈడ్చుకుపోయే ట్రాలు వలలో ఇరుక్కుంటే రాలేదు, మునిగి చస్తది. వల మధ్యలో ఇనప చట్రం పెట్టి, తాబేలు బయటపడటానికి కంత వదిలే ఏర్పాటు ఉండాది. ఆ కంతలోంచి చేప కూడా పోతదని బోటు వాళ్ళ బాధ. ఆ చట్రాల గొడవ మీదే 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్య కొనడం మానేసింది, చెరువు రొయ్య మాత్రం కొంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంది కదా అంటావేమో. అది చేప గుడ్డు పెట్టే కాలాన్ని చూసి పెట్టింది. తాబేలు వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. అప్పుడు బోట్లన్నీ నీళ్ళమీదే. ఈ మాట పాలెంలో ఒక పెద్దాయనతో అన్నా. "ఇంకో రెండు నెలలు మమ్మల్నీ ఒడ్డున కూర్చోమంటావా అబ్బయా, కూడు నువ్వు పెడతావా?" అన్నాడు. ఏం చెప్పను? చట్రానికి డబ్బులు, పోయిన చేపకి లెక్క ఎవరో ఒకరు ఇస్తే తప్ప ఇది తెగేది కాదని నాకనిపించింది.

నీకైతే ఇంకో పని చూపిస్తా, మే నెలది. మా అత్తగారి ఊరు కనిగిరి వైపని తెలుసుగా. వానాధారం భూములు, బోరేస్తే ఫ్లోరైడు నీళ్ళు. అక్కడ డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళు వేసవిలో, చినుకు పడకముందే పొలంలో నవధాన్యాలు చల్లుతుండారు. పేరుకి నవధాన్యాలే గాని అందులో కంది, అలసంద, ఉలవ, పిల్లిపెసర, సజ్జ, జొన్న, నువ్వులు, ఆముదం, జనుము, ధనియాలు, ఇరవై ముప్ఫై రకాల దాకా పోతాయి. ఎండలో విత్తనం మాడిపోదా అని నేనూ అడిగా. గుళిక చేస్తారంట. బేసిన్లో విత్తనాలు పోసి, పైన పేడ, మూత్రం, బెల్లం కలిపిన జీవామృతం చిలకరించి, జల్లెడ పట్టిన చెరువు మట్టి చల్లుతా బేసిన్‌ని తిప్పుతారు. మట్టి పొరలుపొరలుగా పట్టుకుంటది. ఆఖర్న బూడిద. నీడన ఆరబెట్టి పొలంలో వేస్తారు. తొలకరి దాకా ఆ పొరలో నిమ్మళంగా ఉండి, కొద్ది తడికే మొలకెత్తుద్ది. నేల ఏడాదిలో ఎక్కువ కాలం పచ్చగా కప్పి ఉంటే మట్టిలో తడి నిలుస్తది, కర్బనం నేలలోకి దిగుతది.

జీవామృతం కలపడం మీ వాడు ఇష్టంగా చేస్తాడు, నువ్వు ముక్కు మూసుకుంటావు. ఎకరానికి 200 లీటర్ల డ్రమ్ము. పది కిలోల ఆవు పేడ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. కర్రతో పొద్దున, సాయంత్రం ఒకే వైపు తిప్పాలి, నలభై ఎనిమిది గంటలు. మన ఒంగోలు ఆవు పేడ దొరికితే మరీ మంచిదంటారు. దొరకడమే కష్టం! దాని సంతతి బ్రెజిల్లో నెలోర్ అని మన ఊరి పేరుతోనే మందలు మందలుగా ఉండాది, ఇక్కడేమో పేడ కోసం పక్క ఊరికి పోతుండారు. మన రాష్ట్రంలో 2016లో మొదలైన ఈ ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్ వాళ్ళ గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, ఈజిప్టు సంస్థ ఒకటి, మట్టి శాస్త్రవేత్త రత్తన్ లాల్‌తో కలిపి. ఆ సంగతి మా వదినతో చెబితే "బహుమతి సరే, కందులకి రేటు ఎప్పుడొస్తది?" అంది.

మీ చిన్నాన్న కోవూరు పొలం సంగతి కూడా చెప్పాలి. ఎప్పుడూ నీళ్ళు నిలవున్న వరిమడిలో మీథేన్ పుడతది, నూరేళ్ళ లెక్కన అది బొగ్గుపులుసు గాలి, అదే కార్బన్ డయాక్సైడ్ కంటే ఇరవై ఏడు రెట్లకి పైగా వేడెక్కిస్తది. దీనికి విరుగుడు తేలిక. చిల్లులు పెట్టిన పైపు ముక్క మడిలో దించి, లోపల నీళ్ళు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే మళ్ళీ పెట్టాలి. పూత మీద మాత్రం నీళ్ళు ఉంచాలి. ఆయనకి చెప్పా. "కాలవ వంతు వచ్చినప్పుడు పెట్టుకోకుండా పైపులో తొంగి చూస్తా కూర్చుంటే, మళ్ళీ వంతు నువ్వు తెస్తావా?" అన్నాడు. న్యాయమే. ఇది ఒక్క రైతు చేసే పని కాదు, కాలవ మీద అందరూ కూర్చుని వంతులు మార్చుకోవాలి. నువ్వొచ్చినప్పుడు కదిలించు, నీ మాట వింటాడు.

పక్షులు చూడాలంటే జనవరే. నేలపట్టు, పులికాట్ 2022లో తిరుపతి జిల్లాలోకి పోయాయి గాని, మనకి అవి ఇంకా మనవే. ఫ్లెమింగో పండగ రోజుల్లో జనాన్ని చూడటం తప్ప పిట్టని చూడలేవు. నీటిపక్షుల లెక్క అని ఆసియా అంతా 1987 నుంచి జనవరిలో చేస్తుండారు, దానికి ఎవరైనా పోవచ్చు. నేలపట్టు చెరువులో కడప అనే చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెడతాయి. వాటి రెట్ట కలిసిన నీళ్ళు పొలానికి ఎరువని కింద రైతులు సంతోషిస్తారు. పక్షినెందుకు కాపాడాలో వాళ్ళకి ఎవరూ ఉపన్యాసం ఇవ్వాల్సిన పని లేదు.

చెరువంటే గుర్తొచ్చింది. రొట్టెల పండగకి లక్షల మంది నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగి, కోరికలు తీరాలని రొట్టెలు మార్చుకుంటారు కదా. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె, అన్నీ ఉండాయి. చెరువు బాగుండాలని రొట్టె పట్టుకునేవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. పండగ మర్నాడు గట్టు మీద ప్లాస్టిక్ ఏరే కుర్రాళ్ళతో కలిసి ఒక పూట ఏరు, ఆ చెరువు ఏం మోస్తుందో తెలుస్తది.

మీ డాబా మీద సోలార్ పెట్టించు, మూడు కిలోవాట్లకి కేంద్రం 78,000 రాయితీ ఇస్తుంది. దీనికి నా ఉత్తరం అక్కర్లేదు.

ఇక నువ్వొక్కడివే రావాల్సింది అక్టోబరు 2 గ్రామసభకి. పిల్లోడు అక్కడ ఆవలిస్తాడు. మైకు కిర్రుమంటది, టీ చల్లారిపోతది, సగం మంది పింఛను గొడవ మీదే ఉంటారు. కానీ వచ్చే ఏడాది ఉపాధి పనుల్లో ఏ కుంట తవ్వాలి, ఏ వాగుకి పూడిక తియ్యాలి అనేది రాసుకునేది అప్పుడే. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర పట్టాలు కొట్టుకుపోయి, మీ నాన్నకి బాగాలేదంటే నువ్వు గూడూరులో ఇరుక్కుపోయావే, ఆ నీళ్ళు పోవాల్సిన కాలవల్లో సగం మీ ఊళ్ళో కంపతో పూడి ఉండాయి. మీ పొలం పక్కదానితో సహా. దాని పేరు జాబితాలో ఎక్కాలంటే ఆ ఊళ్ళో ఓటున్న ఒకడు లేచి అడగాలి. నాకు ఆ ఊళ్ళో ఓటు లేదు, నీకుండాది.

జనవరికైతే ఇప్పుడే చెప్పు, తాబేళ్ళ వాళ్ళకి ముందే మాట చెప్పి ఉంచాలి. పిల్లోడికి ముదురు రంగు చొక్కా తీసుకురా, తెల్లది వద్దు. టార్చికి ఎర్ర కాగితం అంటించాలి, అది నా దగ్గర ఉండాది.

నీ
రమణ