అడ్వాన్సు కట్టకముందే ఆలోచించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎండాకాలం సెలవులొస్తున్నాయి. కుక్కపిల్ల కావాలని పిల్లలు మారాం చేసే ఇళ్లు మన నల్లగొండలో చాలా ఉంటాయి. ఆ తల్లిదండ్రుల కోసం మా ఇంట్లో జరిగింది రాస్తున్నాను.

మూడేళ్ల కింద మా అబ్బాయి ఫోన్లో వీడియో చూసి నీలికళ్ల సైబీరియన్ హస్కీ కావాలన్నాడు. పట్నం పోయి తెచ్చాం. ఐదు వారాల పిల్ల. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని కేంద్రం 2017లోనే నిబంధనలు పెట్టిందని అప్పుడు మాకు తెలియదు, అమ్మినాయనా చెప్పలేదు. మాది 120 గజాల్లో స్లాబు ఇల్లు. మేమిద్దరం టీచర్లం, పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కితే సాయంత్రం ఆరింటికే ఇంటికి చేరేది. ఇంటిపట్టున ఉండేది డెబ్బై ఏళ్ల అత్తమ్మ ఒక్కతే.

మంచులో బండ్లు లాగడానికి పెంచిన జాతి అది. ఏడాది నిండేసరికి ఒకరోజు క్లాక్‌టవర్ దగ్గర గొలుసు పట్టుకున్న అత్తమ్మను లాగి పడేసింది. మణికట్టు విరిగింది. కుక్క తప్పని నేనేనాడూ అనలేదు. లాగడం దాని పుట్టుకలోనే ఉంది, అది తెలుసుకోకుండా తెచ్చింది మేము.

ఆ మే నెలలో 44 డిగ్రీల ఎండ. మధ్యాహ్నం కరెంటు పోయింది. అత్తమ్మ ఫోన్ చేస్తే ఉరికొచ్చాను. బాత్‌రూం బండలకు పొట్ట ఆనించి పడుంది. నాలుక బయటికి వేలాడుతోంది, చిగుళ్లు ఎర్రగా కందిపోయాయి, పిలిస్తే కళ్లు తిప్పలేదు. పశువుల దవాఖానలో థర్మామీటర్ 107 చూపించింది. కుక్కకు మామూలుగా 101, 102 ఉంటుందట. మనలా ఒంటినిండా చెమట పట్టదు, అరికాళ్లకే కొంచెం. మిగతా వేడంతా వగర్చే పోగొట్టుకోవాలి. పీల్చే గాలే సెగలు కక్కుతుంటే ఎంత వగర్చినా ఏం లాభం? ఒళ్లంతా తడిపి, ఫ్యాన్ పెట్టి, సెలైన్ ఎక్కిస్తే బతికింది. బొచ్చు గొరిగించేద్దామా అని మా ఆయన అడిగితే డాక్టర్ వద్దన్నారు, ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడేది ఆ బొచ్చేనట.

చివరికి బెంగళూరులో పెద్ద తోట ఉన్న బంధువులకిచ్చేశాం. దాని స్టీలు గిన్నెను మా వాడు ఇప్పటికీ అల్మారాలోంచి తీయనివ్వడు.

కుక్క అందం తర్వాత చూసుకోవచ్చు. పగలు ఇంట్లో ఎవరుంటారు, పొద్దున్నే తిప్పేదెవరు, గొలుసు ఏ చేతిలో ఉంటుంది, ముందు ఇవి చూడండి. చప్పిడి ముక్కు పగ్‌కు మన ఎండల్లో ఊపిరే కష్టం. లాబ్రడార్ నెమ్మదైనదే, కానీ రోజూ బాగా తిప్పకపోతే లావెక్కి కీళ్లు పాడవుతాయి. దేశీ జాతి అనగానే సరిపోతుందనీ అనుకోవద్దు. 2005లో తపాలా బిళ్లల మీదికెక్కిన ముధోల్, రాజపాళయం వేట కుక్కలు. దేవరకొండ దిక్కు చెలకల్లో ఉరకడానికి బాగుంటాయి, మా ఇంటిలాంటి వాటికి కాదు. మాలాంటి వాళ్లకైతే కొంచెం ఎదిగిన ఊరకుక్క నయం. దాని బొచ్చు పొట్టిది, ఈ ఎండలు దానికి పుట్టినప్పటి నుంచీ అలవాటే, గుణమూ ముందే తెలుస్తుంది. టీకాలు వేయించి సాదుకోవచ్చు.

జిల్లా పశువైద్యులతో ఈ విషయాలు మీ పత్రికలో వారానికొకసారైనా రాయించండి. సెలవులకు ముందే మొదలుపెడితే బాగుంటుంది.

– ఒక ఉపాధ్యాయురాలు, నల్లగొండ