బురద కింద బుడగలు

సంపాదకుని గారికి,

ఎండలకు మా చెరువు అడుగంటింది. బురదలోంచి బుడగలు, కుళ్లిన గుడ్ల కంపు. ఎవరో మందు కలిపారని ఊళ్లో పుకారు. కాదు. ఆకు అలము, గుర్రపుడెక్క, మురుగు అడుగున చేరితే సూక్ష్మజీవులు తింటాయి. బురదలో ఆక్సిజన్ అందేది పైపై కొద్ది మిల్లీమీటర్లకే. ఆ కింద ఉండే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌కు బదులు నైట్రేటు, ఇనుము, సల్ఫేటులతో బతుకుతాయి. కంపు సల్ఫేటు వాడేవాటిదే, నలుపు ఐరన్ సల్ఫైడుది. చివరికి బుడగల్లోని మీథేన్ వాయువు చేసేవి వేరే జాతి, గోబర్‌గ్యాస్ గుంతలో ఉండేవాటి చుట్టాలే.

2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో తీసిన పూడికను మావాళ్లు ట్రాక్టర్ల కొద్దీ చెల్కల్లో పోసుకున్నారు. సన్నటి ఒండ్రు, సగమే కుళ్లిన ఆ చెత్తే దాని బలం! మరి అదే చెరువులోకి ఊరి మోరీ ఎందుకు వదిలారు? మురుగు ఎక్కువైతే నీళ్లలోనే ఆక్సిజన్ అయిపోయి చేపలు తేలతాయి. పూడిక తర్వాత తీద్దురు, ముందు మోరీ మళ్లించండి.

– ఒక రైతు, నల్లగొండ జిల్లా