వణుకు ఆగితే చలి తగ్గినట్టు కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేశాను, లడఖ్‌లో రెండు చలికాలాలు గడిపాను. చలి మనిషిని ఏం చేస్తుందో అక్కడ చూశాను. ఎండలకు పేరుపడ్డ మా అనంతపురం జిల్లాలో కూడా అదే చూడాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

పోయిన నవంబరులో ముసురు పట్టి విడవలేదు. వరసకు నాకు మామ అయ్యే ఒక కురుబ పెద్దాయన చేనులో మంద వేసి, రాత్రంతా గొర్రెల మధ్య తడుస్తూ బురదలోనే నిలబడ్డాడు. తెల్లారి చూస్తే తూలుతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. కన్నకొడుకునే పోల్చుకోలేకపోయాడు. చూసినవాళ్లు "తాగినాడు" అన్నారు. ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో థర్మామీటరు పెట్టి, జ్వరం లేదు, పడుకుంటే సర్దుకుంటాడని పంపేశారు.

ఒళ్లు చల్లబడ్డ మనిషికి జ్వరం ఎలా ఉంటుంది? ఒళ్లు 95 ఫారెన్‌హీట్ కంటే కిందికి దిగితే దాన్ని హైపోథెర్మియా అంటారు. మనకు అలవాటైన పాదరసం థర్మామీటరులో గీతలు మొదలయ్యేదే 94, 95 దగ్గర. అంతకంటే కింద ఎంత ఉందో అది చెప్పలేదు. చల్లబడే మనిషి మొదట గట్టిగా వణుకుతాడు. ఒళ్లు ఇంకా దిగి 90 దరిదాపులకు వస్తే వణుకు ఆగిపోతుంది. మనవాళ్లు "సలి తగ్గినాది" అని ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి ప్రాణం మీదికి వచ్చేది అప్పుడే. దీనికి మంచు కురవక్కర్లేదు. తడిబట్ట, ఈదురుగాలి, ఖాళీ కడుపు, పైబడిన వయసు కలిస్తే మన చలికాలపు రాత్రి చాలు.

నేను వెళ్లేసరికి ఒకరు బ్రాందీ తెచ్చారు, ఇంకొకరు తలుపు మూసి కుంపటి పెట్టబోయారు, ఆడవాళ్లు అరికాళ్లు రుద్దుతున్నారు. అందరిదీ ప్రేమే, కానీ మూడూ హాని చేసేవే. మందు తాగితే వెచ్చగా అనిపిస్తుంది గానీ చర్మంలోకి రక్తం ఎక్కువగా పారి లోపలి వేడి ఇంకా పోతుంది. మూసిన గదిలో బొగ్గుల పొగ ఊపిరి తీస్తుంది. బాగా చల్లబడ్డ మనిషిని కుదిపినా, రుద్దినా గుండె లయ తప్పవచ్చు. తడిబట్టలు తీసేసి, ఒళ్లు మెల్లగా ఒత్తి తుడిచి, పొడి కంబళి తలకు కూడా కప్పి, కొడుకును ఆనుకుని పడుకోబెట్టించాను. గుటక వేయగలుగుతున్నాడని చూసుకున్నాకే వేడి బెల్లం టీ కొంచెం కొంచెంగా తాగించాం. ఈలోగా 108 వచ్చింది. ప్రాణం దక్కింది. రాత్రంతా చల్లటి బురదలో నానిన పాదాలు మాత్రం ఇప్పటికీ తిమ్మిరెక్కుతాయి, మంటలు పుడతాయి. ఆయన మంద వెంట పోవడం మానుకున్నాడు.

లడఖ్‌లో మాకు ముందు నేర్పింది కూడా ఇలాంటి జాగ్రత్తలే. మంచుకు కొయ్యబారి తెల్లబడ్డ వేళ్లను రుద్దకూడదు, మంటకు కాచకూడదు. స్పర్శ లేని వేలు కాలినా తెలియదు. మళ్లీ గడ్డకట్టే ప్రమాదం లేని చోటికి చేరాకే 37 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో ఉంచాలి. సైన్యంలో పిల్లలున్న ఇళ్లు మన సీమలో చాలా ఉన్నాయి. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచు చరియలు విరిగిపడి చనిపోయిన పదిమందిలో అప్పటి కర్నూలు జిల్లా బిడ్డ కూడా ఉన్నాడు.

ఎండాకాలం రాగానే వడదెబ్బ గురించి ఊరూరా చెబుతారు, చలివేంద్రాలు పెడతారు. మంచిదే. ముసురు రాత్రుల గురించి ఎవరూ ఒక్క మాట చెప్పరు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తక్కువ వేడిని కొలిచే థర్మామీటరు, నాలుగు పొడి కంబళ్లు ఉంచమని జిల్లా అధికారులను కోరుతున్నాను. ఆశా కార్యకర్తలకు ఈ లక్షణాలు నేర్పాలి. గొర్రెలకు టీకాలు వేయడానికి మందల దగ్గరికి పోయే పశువైద్య సిబ్బందికి కూడా నేర్పాలి, కాపరులను ఎక్కువగా కలిసేది వాళ్లే.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. జిల్లా పేజీలో ఉష్ణోగ్రతలు వేసే చోట, నవంబరు నుంచి జనవరి దాకా ఈ రెండు మాటలు వేయండి: తడిసిన మనిషి తూలుతుంటే తాగాడనుకోవద్దు. తడిబట్టలు విప్పి, కంబళి కప్పి, 108కి ఫోన్ చేయండి.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు,
కళ్యాణదుర్గం మండలం, అనంతపురం జిల్లా