దెమాక్, కుదుస్, జెపారా పర్యటనపై ఫిర్యాదు

కస్టమర్ సేవల మేనేజరు గారికి,

నమస్కారం. మీ సంస్థ ద్వారా మా కుటుంబం ఇటీవల ఇండోనేషియా వెళ్లి వచ్చింది. బాలి, జోగ్జకార్తాలలో ఏర్పాట్లు బాగానే ఉన్నాయి. నా ఫిర్యాదల్లా సెమరాంగ్ నుంచి జావా ఉత్తర తీరం చూపిస్తామని మీరు విడిగా డబ్బు కట్టించుకున్న ఆ ఒక్క రోజు గురించే. అసలు మీ ప్యాకేజీ తీసుకున్నదే ఆ రోజు కోసం.

మా నాన్నగారు చరిత్ర మాస్టారుగా రిటైరయ్యారు. మచిలీపట్నం బట్టలు ఓడలెక్కి జావా రేవులకు వెళ్లేవని ఏళ్లతరబడి పాఠం చెప్పిన మనిషి. దెమాక్ పెద్ద మసీదు చూడాలని మోకాళ్ల నొప్పులతోనే బయల్దేరారు. గుమ్మటం బదులు మూడు అంచెల కప్పుతో కట్టిన పదిహేనో శతాబ్దపు మసీదు అది. లోపల కప్పును మోసే నాలుగు పెద్ద స్తంభాల్లో ఒకదాన్ని జావాలో ఇస్లాంను ప్రచారం చేసిన సాధువుల్లో ఒకరైన సునన్ కాలిజాగ చెక్క పేళ్లు కూర్చి నిలబెట్టారని అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. అలాంటి చోటికి మీరు మమ్మల్ని శుక్రవారం, సరిగ్గా జుమా నమాజు వేళకు చేర్చారు. ఆ సమయంలో మేం లోపలికి వెళ్లడం మర్యాద కాదు. నమాజు అయ్యేదాకా ఆగుదామంటే గైడు టైము లేదన్నాడు. నాన్నగారు కారు కిటికీలోంచి కప్పు మాత్రం చూశారు.

కుదుస్‌లో ఫొటో తీసుకునేంతసేపే ఆపారు. జావా పాత హిందూ రాజ్యమైన మజాపహిత్ కాలపు గుళ్ల తీరులో ఎర్ర ఇటుకతో కట్టిన మినారు ముందు నిలబెట్టి, "పాత మసీదు" అని వదిలేశాడు మీ గైడు. అక్కడి శాసనంలో హిజ్రీ 956, అంటే 1549 అని ఉందని చెప్పలేదు. హిందువుల మనసు నొచ్చుకోకూడదని అక్కడ ఇస్లాంను ప్రచారం చేసిన సాధువు సునన్ కుదుస్ ఆవును కోయవద్దన్నారని, అందుకే ఆ ఊరి సోతో అనే సూపులో ఇప్పటికీ గేదె మాంసం వేస్తారని మాకు చెప్పింది పక్కనే టీ అమ్మే ఆవిడ, ఫోన్‌లో అనువాదం పెట్టుకుని మరీ.

టైము లేదన్నవాళ్లు జెపారాలో ఒక ఫర్నిచర్ షోరూములో గంటలకొద్దీ కూర్చోబెట్టారు. షోరూము సంగతి మీ కార్యక్రమంలో ఎక్కడా లేదు. జెపారా చెక్కడం పని గొప్పదే. దాన్ని చూడాలనుకున్నవాళ్లకు ముందుగా చూపించాల్సింది 1559 నాటి మంతింగాన్ మసీదు గోడల్లోని రాతి ఫలకాలు, వాటి మీది తామరలు, తీగెలు. అక్కడికి చేరేసరికి చీకటి పడింది.

సముద్రపు పోటు నీళ్లు రోడ్డెక్కడం వల్లే ఆలస్యమైందని మీ ప్రతినిధి ఫోన్‌లో అన్నారు. సెమరాంగ్ నుంచి దెమాక్ వెళ్లే దారిలో సాయుంగ్ దగ్గర నేల కుంగి, రోడ్డు మునగడం ఏళ్లుగా ఉన్నదే. అది తెలిసినవాళ్లు తెల్లవారుజామునే బయల్దేరదీయాలి. పైగా షోరూముకు దొరికిన టైము నమాజు అయ్యేదాకా ఆగడానికి ఎందుకు దొరకలేదో ఆయన చెప్పలేకపోయారు.

ఆ రోజుకు విడిగా తీసుకున్న మొత్తం వెనక్కి ఇవ్వండి. ఇకముందు దెమాక్‌ను శుక్రవారం మధ్యాహ్నం పెట్టకండి, ఆ తీరం చరిత్ర తెలిసిన స్థానిక గైడును పంపండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. రసీదులు, మీరిచ్చిన కార్యక్రమం నకలు జతచేశాను.

ఇట్లు,
మీ ప్రయాణికురాలు,
విజయవాడ