నగరం నరికిన కొమ్మలను మా ఇసుక నేలలకు ఇప్పించండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను ఉప్పల్‌లో ఉంటూ పాలమూరు వైపు ఇసుక చెలకలో జామ తోట సాగు చేస్తున్న రైతును. మా అర్జీలన్నీ మీ కార్యాలయంలోనే ఉన్నాయి. ఒక్కదానికీ జవాబు రాకపోవడంతో నలుగురి ముందూ రాయక తప్పడం లేదు.

వేసవిలో మీరే మాటిచ్చారు. వానలకు ముందు కరెంటు తీగల కింద నరికే కొమ్మలను యంత్రంలో వేసి ముక్కలు చేయిస్తామని, చెట్ల కింద పరచుకోవడానికి మృగశిర లోపు ఆ లోడ్లు ఇసుక నేలల రైతులకు చేరుస్తామని అన్నారు. ఆ మాట నమ్మి చెట్ల చుట్టూ పాదులు చేయించి, కూలీలను మాట్లాడి పెట్టుకున్నాం. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది. లారీ మాత్రం రాలేదు. ఫోను చేస్తే ఒకరు టెండరు అంటారు, ఇంకొకరు తమ పరిధి కాదంటారు. ఇక్కడ మా వీధిలోనేమో కానుగ, నిద్రగన్నేరు కొమ్మలు ఫుట్‌పాత్ మీద ఎండి, చెత్త బండి ఎక్కి వెళ్లిపోయాయి. కొన్నింటికి అక్కడే నిప్పు పెట్టారు. కానుగ రొట్టను మడిలో తొక్కి పంట తీసిన వాళ్ల బిడ్డలం మేము. ఆ పొగ చూస్తే కడుపు మండదా?

ఇసుకలో నీరు నిలవదని మీకు తెలుసు. కురిసిన వాన వేళ్లను దాటి దిగిపోతూ వేసిన యూరియాను కూడా వెంట తీసుకుపోతుంది. దొరికిన కొద్దిపాటి ముక్కలను ఒక జామ చెట్టు కింద నాలుగు అంగుళాల మందాన పరిచాను. మొన్న వాటిని వేళ్లతో పక్కకు జరిపితే అడుగున తెల్లటి బూజు దారాలు అల్లుకుని ఉన్నాయి. పిడికిట పడితే మట్టి ముద్దయింది, అందులో ఒక వానపాము. పక్క చెట్టు కింది ఇసుక పట్టుకుంటే చేతివేళ్ల సందుల్లోంచి జలజలా రాలిపోయింది.

చెక్క కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని లాగేస్తుందని ఒక అధికారి అభ్యంతరం చెప్పారట. మట్టిలో కలిపి దున్నితే నిజమే. పైన పరిస్తే ఆ ప్రభావం పైపొరతోనే ఆగుతుంది. పైగా 7 సెంటీమీటర్ల లోపు మందమున్న సన్న కొమ్మల్లోనే పోషకాలు ఎక్కువని కెనడాలోని క్యుబెక్ పరిశోధకులు నేలను బాగుచేయడానికి వాటినే ఎంచుకున్నారు. నగరం నరికేవి చాలావరకు అవే. చెదల భయం ఉంటే మొదలుకు జానెడు దూరం వదులుతాం. థార్ ఎడారిలో ఇసుక దిబ్బలు కదలకుండా జోధ్‌పూర్ శాస్త్రవేత్తలు పొదల కొమ్మలనే అడ్డుగా పాతించారు. మనం తగలబెడుతున్నాం.

తేమ ఆరకుండా నేల మీద కప్పే ప్లాస్టిక్ మల్చింగ్ షీటుకు సగం ఖర్చు సబ్సిడీగా ఇస్తున్నారు. అది చినిగి ముక్కలై మా ఇసుకలోనే మిగిలిపోతోంది. కుళ్లి నేలను బాగుచేసే కొమ్మలకు లారీ కిరాయి ఇవ్వడానికి ఎందుకు చేతులు రావడం లేదు?

అయ్యా, మేము డబ్బు అడగడం లేదు. కొమ్మలను కాల్చవద్దని చెప్పండి. యంత్రం పెట్టించండి. లోడ్లు పంపించండి. అన్నీ ఒకేసారి కుదరకపోతే మా మండలానికి ఒక్క లోడైనా పంపించండి. అదీ ఎప్పుడో చెప్పలేకపోతే, ఈ లేఖ అందిందని ఒక్క ముక్క రాయించండి.

ఇట్లు,
ఒక ఇసుక నేల రైతు,
ఉప్పల్, హైదరాబాద్